తుపాను రోజున కాదు, పర్మిట్ రోజున

అమెరికాలోని మయామీ-డేడ్ కౌంటీ 2008లో ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. తమ పరిధిలో నిలబెట్టే ఏ టవర్ క్రేన్ అయినా గంటకు 140 మైళ్ల గాలిని, అంటే దాదాపు 225 కిలోమీటర్ల గాలిని, తట్టుకునేలా ఉండాలన్నది దాని సారాంశం. బిల్డర్ల సంఘాలు కోర్టుకెక్కాయి. 2010లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ ఆర్డినెన్స్ చెల్లదని తేల్చింది. క్రేన్ భద్రత అంటే కార్మికుల భద్రత, అది ఫెడరల్ సంస్థ ఓషా చూసుకునే వ్యవహారం, మధ్యలో కౌంటీ వేలు పెట్టడానికి లేదు అని. మేం ఆలోచిస్తున్నది కార్మికుల గురించి కాదు, తుపానులో చుట్టుపక్కల జనం గురించి అని కౌంటీ మొత్తుకుంది. సైట్ లోపలికి జనాన్ని రానివ్వరు కదా, తుపానులో క్రేన్ వల్ల బయటి మనిషికి దెబ్బ తగిలిన సంఘటన ఒక్కటైనా మీరు చూపించలేదు కదా అన్నది కోర్టు.

ఆ తీర్పు నేను చదివింది చాలా ఆలస్యంగా, 2024లో మిల్టన్ తుపాను వెళ్లిపోయాక. టాంపా బే ఇవతలి ఒడ్డున మా కాలనీలో కరెంటు లేదు. ఫోన్లో మిగిలిన కాస్త చార్జింగ్‌తో వార్తలు చూస్తుంటే అవతలి ఒడ్డున సెయింట్ పీటర్స్‌బర్గ్ ఫొటో వచ్చింది. 46 అంతస్తుల టవర్ కడుతున్న క్రేన్ విరిగి, రోడ్డు దాటి, ఎదురు బిల్డింగ్‌ని చీల్చుకుంటూ పడి ఉంది. టాంపా బే టైమ్స్ పత్రిక ఆఫీసు ఉన్న బిల్డింగ్ అది. రాత్రి వేళ, జనం ఖాళీ చేసిన ఊరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. సైట్‌కి గోడ ఉంది, గేటు ఉంది, లోపలికి ఎవరినీ రానివ్వరు, అంతా కోర్టు చెప్పినట్టే ఉంది. క్రేన్ మాత్రం గోడ బయట పడింది.

అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. నేను సివిల్ ఇంజినీర్ని కాను, సాఫ్ట్‌వేర్ వాణ్ని. విశాఖలో పుట్టి ఫ్లోరిడాకు వచ్చి పడ్డాను కాబట్టి తుపానులు మాత్రం రెండు తీరాల్లోనూ చూశాను. చదవగా, అడగగా నాకు కుదిరిన అభిప్రాయం ఒకటే. తుపానులో క్రేన్ ఏం చేయాలన్నది తుపాను వచ్చాక తేల్చే విషయం కాదు. ఆ క్రేన్‌కి పర్మిట్ ఇచ్చే రోజునే, చుట్టుపక్కల జనాన్ని దృష్టిలో పెట్టుకుని, స్థానిక ప్రభుత్వం తేల్చాలి.

నాలుగు రోజులు, రెండు వారాలు

మిల్టన్‌కి పేరు పెట్టింది 2024 అక్టోబరు 5న. తీరం దాటింది 9 రాత్రి, ఫ్లోరిడా తీరంలోని సియెస్టా కీ దగ్గర. మధ్యలో నాలుగు రోజులు. మన హుద్‌హుద్ లెక్క చూడండి. 2014 అక్టోబరు 8న తుపానుగా మారింది, 12న విశాఖ మీద పడింది. అక్కడా నాలుగే రోజులు.

టవర్ క్రేన్‌ని కిందికి దించడానికి ఎంత కాలం పడుతుంది? 2017లో ఇర్మా తుపాను వస్తున్నప్పుడు మయామీ నగరం చెప్పిన మాట ప్రకారం సుమారు రెండు వారాలు. విప్పడానికి ఇంకో పెద్ద మొబైల్ క్రేన్ రావాలి, దాని కోసం రోడ్డు మూయాలి, ఆ పని తెలిసిన సిబ్బంది దొరకాలి, పైగా గాలి తక్కువగా ఉండాలి. ఊళ్లో ఇరవై క్రేన్లుంటే ఇరవైకీ ఒకే వారంలో సిబ్బంది ఎక్కణ్నుంచి వస్తారు? అందుకే తుపాను ముందు "క్రేన్లు దించేయండి" అని టీవీల్లో అరవడం వల్ల ఒరిగేదేమీ లేదు. అప్పటికి ఎవరి చేతుల్లోనూ ఆ అవకాశం ఉండదు.

ఇర్మా రోజున మూడు క్రేన్లు విరిగాయి. రెండు మయామీలో, ఒకటి పొరుగు కౌంటీలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో. మయామీ క్రేన్లు 145 మైళ్ల గాలికి తట్టుకునేలా తయారైనవని నగర అధికారులు ముందే చెప్పి ఉన్నారు. ఆ రోజు ఊళ్లో అంత గాలి రానేలేదు.

ఇక్కడ నాకొక ఇబ్బంది వచ్చింది. కోర్టు కొట్టేసిన ఆర్డినెన్స్ అమల్లో ఉండి ఉంటే ఏమయ్యేది? అది అడిగింది 140 మైళ్లే. మయామీలో విరిగినవి అంతకంటే గట్టివని చెప్పుకున్నవి. అంటే కౌంటీ గెలిచినా ఆ రెండూ విరిగేవేమో. అంకె రాసుకుంటే సరిపోదు. ఫ్యాక్టరీలో లెక్కగట్టిన క్రేన్ వేరు, రెండు ఆకాశహర్మ్యాల మధ్య ఇరుక్కున్న క్రేన్ వేరు.

కట్టేయాలా, వదిలేయాలా

2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు మధురవాడ నుంచి మా వదిన ఫోన్ చేసింది. తుపాను తీరం దాటింది నరసాపురం వైపే అయినా విశాఖలోనూ వానా గాలీ బాగానే ఉన్నాయి. వాళ్ల అపార్ట్‌మెంట్‌కి ఆనుకునే ఒక పెద్ద టవర్ లేస్తోంది.

"రాత్రంతా ఆ క్రేన్ తనంతట తానే తిరుగుతోంది మరిదీ. లోపల మనిషి లేడు, లైటు లేదు. ఒకసారి మా బాల్కనీ వైపు చూస్తుంది, ఒకసారి హైవే వైపు. వీళ్లు బ్రేక్ వేయడం మర్చిపోయారు. మా గ్రూపులో అందరికీ ఒకటే టెన్షన్."

అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో వీడియో పెట్టారట. అసోసియేషన్ ప్రెసిడెంట్ గొడుగేసుకుని సైట్ దగ్గరికి వెళ్లి గట్టిగా అడిగాడట. గేటు దగ్గరున్న మనిషి, "పొద్దున్నే తాడేసి కట్టించేస్తామండీ" అని సర్దిచెప్పాడట. అందరూ కాస్త కుదుటపడ్డారు.

నేను ఆ మాటే మా మేనమామకి చెప్పాను. ఆయన శ్రీకాకుళం నుంచి కుర్రతనంలోనే గల్ఫ్ వెళ్లి, రిగ్గర్‌గా మొదలై సూపర్‌వైజర్‌గా రిటైరై వచ్చాడు. "కట్టేత్తారా? ఏట్రా అల్లుడూ, క్రేన్ అంటే గుంజకి కట్టే గేదె అనుకున్నారేటి?" అని కోప్పడ్డాడు. పని ఆపి దిగేటప్పుడు స్లూయింగ్ బ్రేక్, అంటే క్రేన్ తిరగకుండా ఆపే బ్రేక్, వదిలెయ్యాలి, గాలి ఎటు తోస్తే జిబ్, అంటే క్రేన్ చాచిన చేయి, అటు తిరగాలి. అప్పుడు గాలి జిబ్ పొడవునా జారిపోతుంది. బ్రేక్ వేసో తాడేసో ఆపితే అదే గాలి అడ్డంగా తగిలి మొత్తం భారం మాస్ట్ అనే నిలువు స్తంభం మీద, దాని కింద పునాది మీద పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. వదిన వాళ్లకి భయం పుట్టించిన దృశ్యం నిజానికి క్రేన్ చేయాల్సిన పనే. ధైర్యం చెప్పిన మాటే ప్రమాదకరం.

నేను వెంటనే వదినకి ఫోన్ చేసి తాడు వద్దని చెప్పించాను. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. "మరి ఈ సంగతి మాకు ముందే చెప్పాల్సింది ఎవరు?"

ఎవరూ లేరు. బిల్డర్‌కి వాళ్లు కస్టమర్లు కారు. కార్మిక శాఖకి వాళ్లు కార్మికులు కారు. పక్కింటి వాళ్లు, అంతే.

అంతేకాదు, జిబ్ స్వేచ్ఛగా తిరగాలంటే చుట్టూ పూర్తి వృత్తం ఖాళీగా ఉండాలి. పక్కన అంతకంటే ఎత్తయిన బిల్డింగ్ ఉన్నా, ఇంకో సైట్ క్రేన్ ఆ వృత్తంలోకి వచ్చినా "వదిలెయ్" అన్న సూత్రం పనిచేయదు. అలాంటి చోట జిబ్‌ని పైకి లేపి ఉంచే లఫింగ్ క్రేన్ వాడాలి, లేదా రెండిటి ఎత్తుల్లో తేడా ఉండాలి. క్రేన్ బిల్డింగ్‌తో పాటు పైకి పాకుతుంటుంది కాబట్టి, దాన్ని బిల్డింగ్‌కి పట్టి ఉంచే చివరి టైకి పైన ఎంత మాస్ట్ వదిలేశారన్నదీ ముఖ్యమే. ఇవేవీ తుపాను ముందు రోజు మార్చగలిగేవి కావు. ప్లాన్ కాగితం మీద ఉన్నప్పుడే తేలిపోవాలి.

మన దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం డిజైన్‌కి తీసుకోవాల్సిన ప్రాథమిక గాలి వేగం హైదరాబాద్‌కి సెకనుకు 44 మీటర్లు, విశాఖకీ విజయవాడకీ 50. తేడా ఆరేగా అనిపిస్తుంది. తోపుడు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది దాదాపు 30 శాతం ఎక్కువ. హైదరాబాద్‌లో పని ముగించుకున్న క్రేన్‌ని లారీల్లో తెచ్చి అదే ఎత్తులో విశాఖలో నిలబెడితే కాగితం మీదే లెక్క తప్పినట్టు.

సైట్ గోడకు ఇవతల

మళ్లీ కోర్టు సంగతికి వస్తాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. మయామీ ఓడిపోయిన మూడేళ్లకు, 2013లో, న్యూయార్క్ నగరం మీద ఉక్కు నిర్మాణ సంస్థల సంఘం ఇలాంటి కేసే నడిపింది. నగరం క్రేన్ నిబంధనలు పెట్టకూడదు, అది ఓషా పని అని. ఇంకో అప్పీళ్ల కోర్టు ఆ కేసు కొట్టేసింది. కిక్కిరిసిన నగరంలో క్రేన్ ప్రజలందరికీ సంబంధించిన విషయం, నగరం నిబంధనలు పెట్టుకోవచ్చు అంది. ఒకే దేశం, ఒకే ఫెడరల్ చట్టం, క్రేన్ కూడా అదే. మన్‌హటన్‌లో అది ప్రజా భద్రత, మయామీలో కార్మిక భద్రత.

న్యూయార్క్ ఆ అధికారం వాడుకుంది కూడా. 2016 ఫిబ్రవరిలో మన్‌హటన్‌లోని ట్రైబెకాలో పెద్ద క్రాలర్ క్రేన్‌ని, అంటే ట్యాంకులా పట్టాల మీద నడిచే క్రేన్‌ని, గాలి పెరిగిందని కిందికి దించుతుండగా అది పడిపోయి, వీధిలో ఉన్న ఒక మనిషి చనిపోయాడు. వెంటనే నగరం గంటకు 20 మైళ్లకు మించిన స్థిరమైన గాలి సూచన ఉంటే క్రాలర్ క్రేన్లు పని ఆపి జాగ్రత్త స్థితికి వెళ్లాలంది. మరీ తక్కువ పెట్టారని క్రేన్ల వాళ్లు గోలపెట్టారు. నిజంగా తక్కువేనేమో. నాకు నచ్చింది అంకె కాదు. తప్పయితే సరిదిద్దడానికి, సరైనదైతే నిలబెట్టుకోవడానికి ఆ ఊళ్లో ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఒక మనిషి ఉన్నారు. ఇక్కడ సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరం చేయగలిగింది క్రేన్ల దగ్గర ఉండేవాళ్లను హెచ్చరించడం.

కోర్టు వాదనలో "బయటివాళ్లకు దెబ్బ తగిలిన సంఘటన చూపించండి" అన్న మాటకు అప్పటికి జవాబు లేకపోవచ్చు. 2015 సెప్టెంబరు 11న మక్కాలో గాలివానకు క్రాలర్ క్రేన్ పెద్ద మసీదు మీద పడి వందమందికి పైగా యాత్రికులు చనిపోయారు. వాళ్లలో మన దేశం వాళ్లూ ఉన్నారు. వాడనప్పుడు బూమ్‌ని, అంటే క్రేన్ పొడవాటి చేతిని, కిందికి దించి ఉంచాలని తయారీదారు సూచన, అది పాటించలేదని ప్రభుత్వ విచారణ తేల్చింది. అక్కడ చనిపోయిన యాత్రికులు ప్రార్థనకు వచ్చినవాళ్లు. ఆ క్రేన్ ఎవరి పని స్థలంలో ఉందన్నది వాళ్లకు తెలిసే అవకాశమే లేదు.

అలాగని కార్మికుల భద్రత చిన్న విషయం అనడం లేదు. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో కొత్త క్రేన్‌ని పరీక్షిస్తుండగా అది కూలి 11 మంది పోయారు. ఆ రోజు తుపానూ లేదు, జనమూ లేరు. ఆ ప్రమాదానికి కావాల్సిన చట్టం వేరు, పరీక్షించే నిపుణుడి బాధ్యత వేరు. మన 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టమైనా, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ అయినా చూసేది సైట్ లోపలి మనిషినే. అది తప్పు కాదు. గోడకు ఇవతల ఉన్న మనిషి కోసం ఇంకో కన్ను కావాలంటున్నాను.

విప్పడమూ గండమే

మా మేనమామతో నాకు కుదరని చోటు ఇది. తుపాను కాలానికి ముందే క్రేన్ ఎత్తు తగ్గించాలని నిబంధన పెడితే ఎలా ఉంటుందని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. "నిలబడ్డ క్రేన్ కంటే విప్పుతున్న క్రేన్ ఎక్కువమందిని తింటది" అన్నాడు. ఎక్కించడం, విప్పడం, ఎత్తు మార్చడం, ప్రమాదాలన్నీ ఆ పనుల్లోనేనని ఆయన అనుభవం.

సియాటెల్ ఆయన పక్షానే ఉంది. 2019 ఏప్రిల్ 27న అక్కడ గూగుల్ క్యాంపస్ బిల్డింగ్ మీది క్రేన్‌ని విప్పుతుండగా అది కూలింది. పనివాళ్లు ఇద్దరు, కింద రోడ్డు మీద కార్లలో ఉన్నవాళ్లు ఇద్దరు పోయారు. మాస్ట్ ముక్కల్ని కలిపి ఉంచే పిన్నులను పని తొందరగా అవుతుందని ముందే తీసేశారని, గాలి తగలగానే అది నిలవలేదని రాష్ట్ర కార్మిక శాఖ తేల్చింది. తుపాను తరుముకొస్తుండగా, నాలుగు రోజుల్లో విప్పాలని ఒత్తిడి పెడితే ఇలాంటి పిన్నులు ఎన్ని సైట్లలో ముందే బయటికొస్తాయో చెప్పలేం. కాబట్టి "తుపాను వస్తే విప్పండి" అన్న నిబంధన పెట్టేకంటే ఏ నిబంధనా లేకపోవడమే నయం. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు కొంచెం టైమ్ పట్టింది.

అయితే సియాటెల్ కథ అక్కడ ఆగలేదు. వాషింగ్టన్ రాష్ట్రానికి సొంత కార్మిక భద్రతా వ్యవస్థ ఉంది, ఓషా ఆమోదంతో నడిచేది. ఫ్లోరిడా ప్రైవేటు సైట్లకు అలాంటిది లేదు. అందుకని వాషింగ్టన్ 2024లో చట్టం చేయగలిగింది. టవర్ క్రేన్ నిలబెట్టాలన్నా విప్పాలన్నా ముందు రాష్ట్రం నుంచి పర్మిట్ తీసుకోవాలి. అంటే అసలు పని మొదలవక ముందే, టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడే, కింద రోడ్డు ఎవరు మూస్తారు లాంటి ప్రశ్నలు వస్తాయి. నేనడుగుతున్నది ఇదే దిక్కులో ఇంకో అడుగు.

ఫ్లోరిడా కూడా ఊరుకోలేదు. మిల్టన్ మరుసటి ఏడు, 2025లో, విపత్తుల చట్టంలో క్రేన్ల సంగతి చేర్చింది. హరికేన్ ప్రభావం మొదలయ్యే 24 గంటల ముందుకల్లా క్రేన్లను తయారీదారు సూచనల ప్రకారం భద్రపరచాలి. మాస్ట్‌కీ జిబ్‌కీ కట్టే ప్రకటనల బ్యానర్ల గురించి కూడా అందులో ఉండటం చూసి ముచ్చటేసింది. కూకట్‌పల్లి నుంచి మధురవాడ దాకా క్రేన్ మీద కంపెనీ పేరు ఎంత పెద్ద గుడ్డ మీద రాస్తారో తెలిసిందే. గాలికి దొరికే మేర అంతా ఆ గుడ్డే పెంచుతుంది. కాని 24 గంటల్లో ఏం చేయగలరు? బ్యానర్ తీస్తారు, హుక్ పైకి లాగుతారు, పైనున్న విడి సామాను దించుతారు, బ్రేక్ వదులుతారు. అన్నీ కావాల్సినవే. ఎత్తు, చోటు, పక్క బిల్డింగ్, వృత్తం మాత్రం ఎప్పుడో నెలల కిందట ఖరారైనవి, వాటి జోలికి వెళ్లే టైమ్ ఇక లేదు. పైగా అదే చట్టం తుపాను దెబ్బతిన్న ప్రాంతాల్లో స్థానిక ప్రభుత్వాలు నిర్మాణాల మీద కొత్తగా కఠిన నిబంధనలు పెట్టకుండా చేతులు కట్టేసింది. కుడి చేత్తో ఇచ్చింది కాస్తే, ఎడం చేత్తో లాక్కున్నది ఎక్కువ.

హార్బర్‌కి ఉన్నది, ఊరికి లేనిది

విశాఖలో పుట్టినవాడికి ఒకటో నంబర్ హెచ్చరిక, పదో నంబర్ హెచ్చరిక అంటే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. హార్బర్‌లో నంబర్ ఎగిరిందంటే ఓడ ఏం చేయాలో, పడవ ఏం చేయాలో ముందే నిర్ణయమై ఉంటుంది. అమెరికా రేవుల్లోనూ అంతే. కోస్ట్ గార్డ్ తుపాను గాలులకు 72 గంటల ముందు విస్కీ, 48 గంటలకు ఎక్స్‌రే, 24కి యాంకీ, 12కి జులూ అని దశలు ప్రకటిస్తుంది. ఏ దశలో ఏం జరగాలో రేవు వాళ్ల దగ్గర రాసిపెట్టి ఉంటుంది. ఎవరూ అప్పటికప్పుడు కూర్చుని చర్చించరు. ఆ రేవు గేటు దాటి రెండు కిలోమీటర్లు ఊళ్లోకి వస్తే, అంతకంటే ఎత్తున, జనం నెత్తి మీద నిలబడ్డ క్రేన్‌కి ఇలాంటి మెట్లేవీ లేవు.

కాబట్టి బిల్డింగ్ ప్లాన్ ఫైల్‌లో క్రేన్‌కి ఒక షీట్ ఉండాలి. జిబ్ వృత్తం ఎవరెవరి ఇళ్ల మీదుగా పోతుందో గీసిన డ్రాయింగ్. తుపాను నెలల్లో చివరి టైకి పైన ఎంత మాస్ట్ ఉండొచ్చో ఆ ఊరి గాలి లెక్కతో ఇంజినీర్ సంతకం. ఎన్నో నంబర్ హెచ్చరికకి ఏం చేస్తారు, రాత్రి పన్నెండింటికి ఫోన్ ఎత్తే మనిషి ఎవరు. ఆ షీట్ కాపీ పక్క అపార్ట్‌మెంట్ల అసోసియేషన్లకి వెళ్లాలి. జిబ్ గాలికి తిరుగుతుంటే భయపడకండి, ఆగిపోతే ఫోన్ చేయండి అని తెలుగులో రెండు వాక్యాలు ఉంటే మా వదిన వాళ్ల గ్రూపులో సగం రాత్రి కలిసొచ్చేది.

మున్సిపల్ ఆఫీసుకి ఇంకో కాగితం, ఇంకో టేబుల్, ఆ టేబుల్ కింద ఇంకో కవరు అని మీరంటారు. మా మేనమామ కూడా అదే అన్నాడు. క్రేన్ అంటే తెలియని గుమాస్తా చేతికి క్రేన్ షీట్ ఇస్తే స్టాంప్ పడుతుంది, తనిఖీ పడదు. ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఇప్పుడున్న పద్ధతిలో ఆ షీట్ చూడగలిగేది సైట్ లోపలివాళ్లు, లేదంటే ప్రమాదం జరిగాక వచ్చే విచారణాధికారి. పర్మిట్ ఫైల్‌లో ఉంటే పక్కింట్లో ఉండే రిటైర్డ్ ఇంజినీరో, మా మేనమామ లాంటి రిగ్గరో చదివి తప్పు పట్టగలరు. విశాఖలో, కోనసీమలో, శ్రీకాకుళంలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన అలాంటి వాళ్లకి కొదవ లేదు. వాళ్లకున్నంత అనుభవం చాలా ఆఫీసుల్లో ఉండదు.

ఇక ఖర్చు. ఎత్తు తగ్గించి పనిచేస్తే పని నెమ్మదిస్తుంది, లఫింగ్ క్రేన్ అద్దె ఎక్కువ, చివరికి ఆ భారం ఫ్లాట్ కొనేవాడి మీద పడుతుందని బిల్డర్లంటారు. పడుతుంది. 2012లో శాండీ తుపానుకి న్యూయార్క్‌లో వన్57 టవర్ మీద క్రేన్ బూమ్ వెనక్కి విరిగి వేలాడితే, చుట్టుపక్కల వీధులు మూసేసి, పక్కనున్న హోటల్‌తో సహా జనాన్ని ఖాళీ చేయించారు. దాన్ని కట్టి నిలబెట్టేసరికి దాదాపు వారం పట్టింది. ఆ వారం ఇంటికి దూరమైనవాళ్లలో ఎక్కువమందికి ఆ టవర్‌లో ఫ్లాట్ కొనే స్తోమతా లేదు, ఆలోచనా లేదు. క్రేన్ షీట్‌లో నేను అడిగే ఆఖరి గడి అందుకే. హెచ్చరిక వచ్చి వృత్తం కింద ఉన్నవాళ్లు ఇళ్లు వదలాల్సి వస్తే, ఆ రాత్రుల బస ఖర్చు బిల్డర్ ముందే డిపాజిట్ చేసి ఉండాలి. ఎంత డిపాజిట్ అన్నది వృత్తం కింద ఎన్ని ఇళ్లున్నాయో లెక్కబెడితే తెలిసిపోతుంది. ఆ లెక్క చూశాక ఎంతమంది బిల్డర్లు పొడవాటి జిబ్‌నే ఎంచుకుంటారో చూడాలి.